సొలిత్యూద్ కుందేలు

గ్వాడెలూప్ వెళ్తున్నానని చెప్పగానే మా అమ్మ "అక్కడ చూడ్డానికేముందే?" అని అడిగింది. ఏ ఊరి గురించైనా అమ్మ మొదట అడిగేది అదే. గుడో, కోటో, నదో ఏదో ఒకటి ఉండాలి. సముద్రం ఉంటుందన్నాను. "సముద్రం మన వాడరేవులో లేదా? దానికి అంత దూరం పోవాలా?" అంది.

టూరిజం వాళ్ళు పంచే పుస్తకం కూడా ఇంచుమించు అమ్మ లెక్కలోనే నడుస్తుంది. తెల్లటి ఇసుక, రమ్ము బట్టీలు, 1467 మీటర్ల ఎత్తున ఇంకా పొగలు కక్కే సూఫ్రియేర్ అగ్నిపర్వతం, జలపాతాలు. చివర్లో రెండు పేజీల్లో చారిత్రక ప్రదేశాలు. సీతాకోకచిలుక రెక్కల్లా పక్కపక్కన అతుక్కున్న రెండు ముక్కల దీవి ఇది. ఒక రెక్క గ్రాంద్‌తేర్, చదునైన చెరకు నేల. రెండోది బాస్‌తేర్, కొండలూ అడవులూ. కరీబియన్ సముద్రంలో ఉన్నా ఇది ఇప్పటికీ ఫ్రాన్సులో భాగమే. 1946 నుంచి అక్కడి ఒక జిల్లాతో సమానం. కొబ్బరిబోండం కొన్నా యూరోల్లోనే ఇవ్వాలి.

2024 నవంబర్‌లో కరీబియన్ స్త్రీల రచనల మీద జరిగిన మూడు రోజుల సెమినార్‌కి వెళ్ళాను. అంత దూరం వెళ్ళి పేపర్ చదివి తిరిగి రావడం మనస్కరించక ఇంకో నాలుగు రోజులు ఉన్నాను. నా పిహెచ్.డి. చారిత్రక నవలల్లో స్త్రీ పాత్రల మీద. మరీస్ కొందే నవలల్ని ఆమె భర్త రిచర్డ్ ఫిల్‌కాక్స్ చేసిన ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివాను. నా ఫ్రెంచి బస్సు టికెట్టు కొనుక్కోడానికి సరిపోతుంది, అంతే. అందుకని సెమినార్‌లో పరిచయమైన ఒక హైస్కూలు టీచర్ "నా కారుంది, నాకు సెలవులున్నాయి" అన్నప్పుడు మొహమాటపడకుండా ఒప్పుకున్నాను. ఆవిడది చరిత్ర సబ్జెక్టు, వయసు యాభై దాటింది. తన పేరు రాయొద్దన్నారు కాబట్టి ఇక్కడ టీచర్‌గారు అనే అంటాను.

మొదట చూసింది ప్వాంతాపీత్ర్ బజారు. జాజికాయ, దాల్చినచెక్క, వెనిల్లా కాయల మధ్య చిన్న చిన్న పొట్లాలు కడుతున్నారు. వాటి మీద "కొలంబో" అని రాసుంది. పసుపు, ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు కలిపిన పొడి. వాసన చూస్తే మనింటి సాంబారు పొడికి దగ్గర చుట్టమే, కారం మాత్రం తక్కువ. ఇక్కడి జాతీయ వంటకం ఏది అంటే కొలంబో అనే చెప్తారు. 1854 డిసెంబర్ మొదలు 1889 వరకు చెరకు తోటల్లో పనికని పుదుచ్చేరి, కారైకాల్ వైపు నుంచి 40 వేలకు పైగా మనుషుల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. వాళ్ళతో పాటు వచ్చిన వాసన ఇది.

ఆ పొడి అమ్మే ఆవిడ పక్కనే బొమ్మలు కూడా అమ్ముతోంది. జానెడేసి నల్లటి ఆడబొమ్మలు. ఎర్రటి పసుప్పచ్చటి గళ్ళ పావడాలు, అదే గళ్ళగుడ్డతో తలకట్టు. తలకట్టు కొసలు ఎన్ని పైకి నిలబడితే ఏమిటర్థమో ఆవిడ నవ్వుతూ చెబుతోంది. ఒక కొస ఉంటే మనసు ఖాళీగా ఉందని. రెండుంటే మాట ఇచ్చేసిందని. మూడుంటే పెళ్ళయిందని. నాలుగుంటే పెళ్ళయినా ప్రయత్నిస్తే చోటు దొరకొచ్చని! నౌక దిగి వచ్చిన టూరిస్టు మగవాళ్ళు పగలబడి నవ్వి నాలుగు కొసల బొమ్మనే కొంటున్నారు.

నా చూపు గుడ్డ మీద ఉంది. ఆ గుడ్డని ఇక్కడ "మద్రాస్" అంటారు. కరీబియన్ ఫ్రెంచి దీవుల ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తులంటే ఈ గళ్ళగుడ్డే. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అన్న పేరుతో సముద్రాలు దాటిపోయిన ఇలాంటి గళ్ళ రుమాళ్ళను మా చీరాల చుట్టుపక్కల కూడా నేశారు. మా అమ్మమ్మ వాళ్ళ వీధిలో, గుంటమగ్గాల చప్పుడు మధ్యే పెరిగినా ఆ గుడ్డ ఎవరు కట్టుకుంటారో ఎప్పుడూ అడగలేదు. నేసే వాళ్ళకి తెలిసిందీ అంతంతమాత్రమే. షావుకారు ఇచ్చిన నూలు, చెప్పిన గడి, కొలిచిన గజం.

దీన్ని "మన గుడ్డ ఎంత దూరం వచ్చిందో" అని మురిసిపోవడానికి వీల్లేదు. 18వ శతాబ్దంలో ఆఫ్రికా తీరానికి మనుషుల్ని కొనడానికి వెళ్ళిన ఓడల్లో తుపాకులతో, సారాయితో పాటు ముఖ్యమైన సరుకు భారతదేశపు నూలుగుడ్డ. కోరమాండల్ తీరం గుడ్డకి అక్కడ డబ్బు విలువ ఉండేది. ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిలోనూ, మన యానాంలోనూ కూర్చుని కొన్నది ఆ తీరం గుడ్డే. మగ్గం మీద మగవాడి పేరుంటే ఉంటుందేమో గాని, రాట్నం మీద ఆ నూలు వడికిన ఆడవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఆ గుడ్డతో కొన్న ఆడవాళ్ళ పేర్లూ ఉండవు. ఇక్కడ బొమ్మ తల మీద మాత్రం మద్రాస్ అన్న ఊరిపేరు మిగిలింది. బొమ్మ కొనలేదు. కొలంబో పొడి కొన్నాను, అమ్మకి.

బజారుకి దగ్గర్లోనే ప్లాస్ ద లా విక్త్వార్, అంటే విజయ చౌకు. 1794లో ఇంగ్లీషువాళ్ళని తరిమి, బానిసత్వం రద్దయిందన్న ఫ్రెంచి విప్లవ ప్రభుత్వపు ఉత్తర్వును తెచ్చిన విక్తోర్ యూగ్ ఇక్కడే గిలటిన్ కూడా నిలబెట్టాడు. ఇప్పుడు చెట్లు, బెంచీలు, ఐస్‌క్రీమ్ బండ్లు. మరీస్ కొందే పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, 1934లో. తన చిన్ననాటి జ్ఞాపకాల పుస్తకంలో ఈ చౌకులో ఆడుకుంటుంటే ఒక తెల్లపిల్ల పరిచయమై, ఆటలో తనను కొట్టడం మొదలుపెట్టిన సంగతి రాసింది. ఎందుకు కొడుతున్నావంటే నువ్వు నల్లదానివి కాబట్టి కొట్టాలి అందట. ఇంటికెళ్ళి అమ్మనీ నాన్ననీ అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. చదువుకున్న, గౌరవంగా బతుకుతున్న నల్లవారి కుటుంబం అది. బానిసత్వం గురించి ఇంట్లో మాట్లాడేవారే కాదు. 2024 ఏప్రిల్ 2న కొందే చనిపోయింది. నేను కూర్చున్న బెంచీ చుట్టూ పిల్లలు ఆడుకుంటున్నారు, ఏ ఆటో నాకర్థం కాలేదు.

మెమోరియల్ ఆక్ట్ గురించి ఎక్కువ రాయను. 2015లో పాత దార్‌బూసియే చక్కెర ఫ్యాక్టరీ స్థలంలో, సముద్రం ఒడ్డున కట్టిన పెద్ద మ్యూజియం. నల్లటి పెట్టె మీద వెండి వేళ్ళు అల్లుకున్నట్టుంటుంది. 80 మిలియన్ల యూరోలకు పైగా ఖర్చుపెట్టారని, ఆ డబ్బుతో నీళ్ళ పైపులు బాగుచేసి ఉండాల్సిందని ఇక్కడ చాలామంది ఇప్పటికీ కోపంగా ఉన్నారు. టీచర్‌గారి ఇంట్లో మేం ఉన్న రెండు సాయంత్రాలూ కొళాయి రాలేదు కాబట్టి ఆ కోపం నాకూ కొంత అర్థమైంది. లోపల చూడాల్సింది చాలా ఉంది, బాగుంది కూడా. కానీ అక్కడ ఆడవాళ్ళు ఎక్కువగా బహువచనంలోనే ఉన్నారు.

ఒక్క ఆడమనిషిని ఏకవచనంలో చూడాలంటే లెజాబీమ్ వెళ్ళాలి. ప్వాంతాపీత్ర్‌కి ఆనుకున్న ఊరు. అక్కడ వీరుల బులెవార్డ్ అని ఒక వెడల్పాటి రోడ్డుంది. 1802లో నెపోలియన్ సైన్యాన్ని ఎదిరించిన డెల్‌గ్రెస్, ఇగ్నాస్‌ల విగ్రహాలున్నాయి ఆ రోడ్డు మీద. కార్లు గిరగిరా తిరిగే ఒక కూడలిలో సొలిత్యూద్ ఉంది. శిల్పి జాకీ పూలియే చేసిన ఈ విగ్రహాన్ని 1999లో పెట్టారు. నడుం మీద రెండు చేతులు ఆనించి, తల ఎత్తి నిలబడ్డ నిండు చూలాలు. ఆగి చూడ్డానికి వీలుగా లేదు. టీచర్‌గారు కారు ఎక్కడో పెట్టొచ్చి నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించారు. టూరిస్టు బస్సులు ఇక్కడ ఆగవు, కూడలి చుట్టూ తిరుగుతున్నంతసేపట్లోనే గైడు ఒక వాక్యం చెప్పేసి ముందుకు పోతాడు.

ఆ వాక్యం ఏమిటో అడిగాను. "కడుపుతో ఉండి కూడా పోరాడింది, బిడ్డ పుట్టాక ఉరితీశారు." అంతే.

కథ వెనక్కి వెళ్ళి చెప్పాలి. 1794లో వచ్చిన స్వేచ్ఛ ఎనిమిదేళ్ళే ఉంది. 1802 మేలో నెపోలియన్ పంపిన జనరల్ రిష్‌పాంస్ సైన్యంతో దిగాడు. నల్ల సైనికుల ఆయుధాలు లాక్కోవడంతోనే ఏం జరగబోతోందో జనానికి అర్థమైంది. డెల్‌గ్రెస్ నాయకత్వంలో తిరగబడ్డారు. చివరికి మే 28న మతూబాలోని ఒక తోటబంగళాలో, చేతికి చిక్కకుండా, తమతో పాటు శత్రువుల్నీ కలిపి మందుగుండుతో పేల్చేసుకున్నారు. మూడు వందల మంది అని చెప్తారు, అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. జూలైలో గ్వాడెలూప్‌లో బానిసత్వాన్ని తిరిగి పెడుతూ ఉత్తర్వు వచ్చింది. మళ్ళీ రద్దు కావడానికి 1848 దాకా ఆగాల్సొచ్చింది.

ఈ తిరుగుబాటులో సొలిత్యూద్ అనే స్త్రీ ఉందని మనకెలా తెలుసు? ఓగుస్త్ లకూర్ అనే ఆయన 1850లలో గ్వాడెలూప్ చరిత్ర రాశాడు. ఈ దీవిలోనే జడ్జి. తిరుగుబాటుదార్లంటే ఆయనకి ఏవగింపు. ఆ పుస్తకంలో ఒక్క పేరాలో, అదీ ఓ దుర్మార్గపు ఆడదాని ఉదాహరణగా, ఆమె ప్రస్తావన వస్తుంది. ఆమె గురించి దొరికే పాత రాత అదొక్కటే. పుట్టిన తేదీ లేదు, తల్లి పేరు లేదు. నలుపూ తెలుపూ కలిసిన సంతతి అని సూచించే ఒక మాట, సొలిత్యూద్ అన్న పేరు. సొలిత్యూద్ అంటే ఏకాంతం. ఒంటరితనమని కూడా చెప్పుకోవచ్చు.

లకూర్ చెప్పేదాని ప్రకారం ఆమె ప్వాంతాపీత్ర్ నుంచి వచ్చి పలేర్మ్ అనే చోట తిరుగుబాటుదార్ల శిబిరంలో ఉంది. అక్కడ తెల్లవాళ్ళు బందీలుగా ఉన్నారు. ఆమె కుందేళ్ళు పెంచుకుంటోంది. ఒకరోజు ఒక కుందేలు తప్పించుకుని పారిపోతే, మాంసం కాల్చే ఇనపచువ్వ తీసుకుని దాని వెంటపడి, పొడిచి, ఆ చువ్వని పైకెత్తి బందీలకు చూపించిందట. సమయం వచ్చినప్పుడు మీకూ ఇదే గతి అని చెప్పిందట. ఈ దౌర్భాగ్యురాలు తల్లి కాబోతోంది కూడానూ అని ఆశ్చర్యపోతాడు జడ్జిగారు. తిరుగుబాటుదార్లను వదలకుండా, వాళ్ళను ఘోరాలకి పురికొల్పుతూ ఉండిపోయిందని, ఒక గుంపుతో పాటు పట్టుబడిందని, మరణశిక్ష వేశారని, ప్రసవం అయ్యాక నవంబర్ 29న ఆ శిక్ష అమలు చేశారని ముగిస్తాడు. ప్రసవం ముందురోజే అయిందని జనం చెప్పుకుంటారు.

ఆ పేరాని టీచర్‌గారు ఆ కూడలి అంచునే నిలబడి, ఫోన్‌లో చూస్తూ, నాకు మాట మాటా ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. లారీలు పోతున్నాయి. రెండుసార్లు చదివించుకున్నాను.

నేను పిహెచ్.డి. చేస్తుండగా ఏడో నెల కడుపుతో ఒక సదస్సులో పేపర్ చదివాను. ఇరవై నిమిషాలు మాట్లాడాక వచ్చిన నాలుగు ప్రశ్నల్లో మూడు, నాకు కూర్చోడానికి కుర్చీ కావాలా, డాక్టరు ఏమంటోంది, ఈ స్థితిలో ప్రయాణం చెయ్యొచ్చా అనేవే. అడిగినవాళ్ళు మంచివాళ్ళే. ఆ రోజు చదివిన వాదన ఎవరికీ గుర్తులేదు, నా పొట్ట అందరికీ గుర్తుంది. ఆ కూడలిలో నిలబడితే అది జ్ఞాపకమొచ్చింది, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక తిరకాసుంది. సొలిత్యూద్‌ని అసహ్యించుకున్న లకూర్ ఆమె కోపాన్ని కళ్ళకు కట్టినట్టు రాశాడు. ఆమెని ప్రేమించి విగ్రహం పెట్టినవాళ్ళకి మాతృత్వం కనిపించింది. ఆ నడుం మీద చేతుల్లో ధిక్కారం లేకపోలేదు. కానీ ముందు చూసేది పొట్టనే. శిల్పిని తప్పుపట్టాలని కాదు. విగ్రహం అనగానే ఆడమనిషిని బిడ్డతోనో కడుపుతోనో నిలబెడితే గానీ జనం దణ్ణం పెట్టరు. చేతిలో ఇనపచువ్వ, దానికి గుచ్చిన కుందేలు ఉన్న గర్భిణిని ఏ మునిసిపాలిటీ ఒప్పుకుంటుంది? కుందేలు కథ నిజమో కాదో కూడా రుజువు లేదు. ఆడవాళ్ళు తిరగబడితే వాళ్ళను రాక్షసులుగా రాయడం ఆ కాలపు జడ్జీలకు అలవాటే. కానీ అబద్ధమే అయినా, బందీల ఎదురుగా నిలబడి బెదిరించగల ఆడమనిషిని చూసి ఒక వర్గం ఎంత భయపడిందో ఆ పేరాలో ఉంది. విగ్రహంలో ఎవరికీ భయం లేదు.

కడుపు గురించి కూడా మరో మాట చెప్పుకోవాలి. ప్రసవం దాకా శిక్ష ఆపడం దయగా వినిపిస్తుంది. గర్భిణిని చంపకూడదన్న నియమం ఫ్రెంచి చట్టంలో పాతదే. కానీ ఆమె పట్టుబడినప్పటికీ, ప్రసవించేటప్పటికీ మధ్యలో చట్టం మారిపోయింది. 1685 నాటి నల్లచట్టం ప్రకారం బిడ్డ తల్లి స్థితినే పొందుతుంది. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, అంటే ఒక ఆస్తి. తల్లిని చంపి బిడ్డను మిగుల్చుకోవడంలో ఆస్తి లెక్క కూడా ఉందని ఇక్కడి స్త్రీలు అంటారు. ఆ బిడ్డ ఆడో మగో, బతికిందో లేదో ఏ రాతలోనూ లేదు.

ఈ ఒక్క పేరా నుంచే 1972లో ఆంద్రే ష్వార్జ్‌బార్ ఒక నవల రాశాడు. ఆయన ఫ్రెంచి యూదు. తల్లిదండ్రుల్ని నాజీలు పొట్టనబెట్టుకున్నారు. భార్య సిమోన్ ష్వార్జ్‌బార్ గ్వాడెలూప్ నవలాకారిణి. సొలిత్యూద్ తల్లి ఆఫ్రికాలో గడిపిన బాల్యంతో నవల మొదలుపెట్టి, ఓడలో జరిగిన అత్యాచారం వల్ల పుట్టిన పిల్లగా సొలిత్యూద్‌ని ఊహించాడు. చివర్లో మతూబా శిథిలాల్ని వార్సా ఘెట్టో శిథిలాలతో పోలుస్తాడు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఈ నవల మీదే. గొప్ప నవల, ఇప్పటికీ అదే అంటాను. కానీ అందులో ఆమె చాలాకాలం మనసు మొద్దుబారిన మనిషి, వాళ్ళ మాటలో జాంబీ. దుఃఖం చాలా ఉంది ఆ పుస్తకంలో. లకూర్ పేరా విన్నాక నాకు ఆ దుఃఖం కాస్త ఎక్కువైందనిపించింది. 2022 మేలో పారిస్‌లో కూడా ఒక తోటలో ఆమె విగ్రహం పెట్టారు. ఆ నగరంలో ఒక నల్లజాతి స్త్రీకి పెట్టిన మొదటి విగ్రహం అదేనని పత్రికలు రాశాయి. ఇంత జరిగినా ఆధారం మాత్రం అదే పేరా.

స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" మా తరం విద్యార్థినుల చేతికి జిరాక్సు కాపీల్లో అందింది. అందులో తెలంగాణ పోరాటంలో పనిచేసిన కమలమ్మ అడవిలో కన్న బిడ్డను వదులుకోవాల్సి వచ్చిన సంగతి తనే చెబుతుంది. చెప్పేటప్పుడు ఎక్కడ ఆగిందో, ఎక్కడ విసుక్కుందో కూడా మనకు వినిపిస్తుంది. టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్ళినవాళ్ళకి ఆమె దొరికింది. సొలిత్యూద్ దగ్గరికి వెళ్ళింది జడ్జి. అదీ యాభై ఏళ్ళు ఆలస్యంగా.

మర్నాడు పెతీ కనాల్ వెళ్ళాం. రేవు నుంచి చర్చి దాకా పైకి వెళ్ళే యాభై దాకా రాతిమెట్లు. మెట్ల పక్కన కాంగో, యోరుబా, ఇబో, ఊలోఫ్ అని ఆఫ్రికా జాతుల పేర్లు చెక్కిన పలకలు. ఎదురుతిరిగిన బానిసల్ని మేకులు దిగ్గొట్టిన పీపాల్లో పెట్టి ఈ మెట్ల మీంచి దొర్లించేవారని గైడు ఒక గుంపుకి చెబుతున్నాడు. టీచర్‌గారు నా చెవిలో "దానికి ఆధారం లేదు" అన్నారు. జరిగినవాటికి ఆధారాలు కుప్పలుగా ఉంటే, లేనిదాన్ని కల్పించి వణికించడం దేనికో! దారిలో మోర్నాలో శ్మశానం చూశాం. సమాధులన్నీ చదరంగం బల్లల్లా నలుపు తెలుపు పలకలతో, కొండవాలు మీద అంచెలంచెలుగా. నవంబర్ ఒకటిన సాయంత్రం ఇంటిల్లిపాదీ వచ్చి దీపాలు పెడతారట. వాటి తాలూకు కరిగిన మైనం ఇంకా అక్కడక్కడ అంటుకుని ఉంది. చచ్చిపోయినవాళ్ళకి ఇంత శుభ్రమైన ఇళ్ళు కట్టిన ఊరు నేనెక్కడా చూడలేదు.

మూడోరోజు బాస్‌తేర్ వైపు బయల్దేరాం. దారి పొడవునా అరటి తోటలు. కాపెస్తేర్ దాటేచోట, షాంజీలో, రోడ్డు పక్కన హఠాత్తుగా గోపురం! మారియమ్మ గుడి. ఇక్కడ మాలియెమిన్ అంటారు. ఊడుస్తున్న పెద్దావిడ నన్ను చూడగానే చీపురు పక్కన పెట్టి, పుదుచ్చేరి నుంచా అని అడిగింది. కాదు, అదే తీరంలో ఇంకాస్త పైన అన్నాను. లోపల్నుంచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. అరవంలో పాడే ప్రార్థనని ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్నారు. ఆవిడకి అర్థం తెలీదు. నాకు అరవం రాదు. ఆవిడ చదువుతుంటే "అమ్మా" ఒక్కటే దొరికింది నాకు. ఆ మాట వచ్చినప్పుడల్లా తలూపాను, ఆవిడ సంతోషపడింది.

ఈ కాపెస్తేర్ మనిషే ఆన్రీ సిదంబరం. వలస కూలీల కొడుకు. 1904లో మొదలుపెట్టి, ఇక్కడ పుట్టిన భారతీయుల్ని ఓటర్ల జాబితాలో చేర్చాలని దాదాపు రెండు దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగాడు. 1923లో గెలిచాడు. అందరికీ ఓటొచ్చింది అని రాస్తారు పుస్తకాల్లో. అందరికీ అంటే మగవాళ్ళకి. ఫ్రెంచి స్త్రీలకి ఓటుహక్కు 1944లో గాని రాలేదు, తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా. ఆ హక్కు వచ్చిన రెండేళ్ళకే, 1946లో, గ్వాడెలూప్ నుంచి ఒక నల్లజాతి స్త్రీ పారిస్ పార్లమెంటుకి ఎన్నికైంది. జెర్తీ ఆర్షిమెద్. మోర్నాలోలో పుట్టింది. ఈ దీవిలో మొదటి మహిళా లాయర్. కమ్యూనిస్టు.

ఆమె ఉన్న ఇల్లు బాస్‌తేర్ పట్నంలో ఉంది, దాన్ని మ్యూజియంగా మార్చారు. మేం వెళ్ళేటప్పటికి తలుపు వేసుంది. అరుగు మీద కూర్చుని టీచర్‌గారు తెచ్చిన చేపల వడలు తిన్నాం. 1969లో ఏంజెలా డేవిస్ క్యూబా నుంచి తిరిగి వెళ్తూ ఇక్కడ దిగితే, సామాన్లో కమ్యూనిస్టు పుస్తకాలున్నాయని ఆమె బృందం పాస్‌పోర్టులు లాక్కున్నారు. అప్పుడు వాదించి వాటిని వెనక్కి ఇప్పించింది జెర్తీ ఆర్షిమెదే. డేవిస్ తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకుంది. టూరిజం పుస్తకంలో ఈ ఇంటికి ఒక లైనుంది. రమ్ము బట్టీలకి నాలుగు పేజీలు.

కోటకి మధ్యాహ్నం మూడింటికి చేరాం. 17వ శతాబ్దంలో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయిన బురుజులు, కింద సముద్రం. ఈ కోటకి చాలాకాలం రిష్‌పాంస్ పేరే ఉండేది. 1989లో డెల్‌గ్రెస్ పేరు పెట్టారు. రిష్‌పాంస్ మాత్రం లోపలే ఉన్నాడు. 1802 సెప్టెంబర్‌లో పచ్చజ్వరంతో చచ్చిపోతే ఇక్కడే పూడ్చారు. తాను చంపించిన మనిషి పేరున్న కోటలో పడుకుని ఉన్నాడన్న మాట. సమాధి చుట్టూ గడ్డి కత్తిరించి శుభ్రంగా ఉంచారు. టీచర్‌గారు దాన్ని చూడ్డానికి రాలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని తీసుకొస్తున్నాను, ఆ మూలకి ఒక్కసారీ పోలేదు అన్నారు.

గడ్డి మీద కూర్చున్నాక మార్త్ రోజ్ గురించి చెప్పారు. డెల్‌గ్రెస్ సహచరి. యుద్ధంలో కాలు విరిగింది. నడవలేని ఆమెను డోలీ లాంటిదాని మీద పడుకోబెట్టి ఉరికంబం దగ్గరికి మోసుకెళ్ళారు. ఆమె సంగతి చెప్పిందీ ఆ లకూరే. ఆమెకి రోడ్ల కూడళ్ళలో పెద్దగా చోటు దొరకలేదు. కడుపు లేదు కదా అన్నాను. టీచర్‌గారు నవ్వలేదు.

కుందేలు గురించి పిల్లలకి చెప్తారా అని అడిగాను. చెప్తానన్నారు. ఏటా మే నెలలో, బానిసత్వ రద్దు సెలవుకి ముందు, లకూర్ రాసిన ఆ పేరాని జిరాక్సు తీసి తరగతిలో పంచుతారట. పెన్సిల్ తీసుకుని జడ్జిగారి మాటలన్నీ కొట్టెయ్యండి, అంటే దౌర్భాగ్యురాలు, దుష్టశక్తి లాంటివన్నీ, జరిగిన పనులు మాత్రం ఉంచండి అంటారట. కొట్టేశాక ఏం మిగులుతుందన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టారు. ప్వాంతాపీత్ర్ నుంచి వచ్చింది. పలేర్మ్‌లో ఉంది. కుందేలు. పట్టుబడింది. ప్రసవించింది. నవంబర్ 29.

"పోయినేడు ఒకమ్మాయి 'కోపం' అన్న మాట కొట్టలేదు. అది లకూర్ తన దగ్గర్నుంచి తెచ్చింది కాదు, ఆమెదే, చూసి రాశాడంతే అని వాదించింది. గంట మోగేదాకా ఒప్పుకోలేదు" అన్నారు టీచర్‌గారు.

ఆ అమ్మాయికి ఎన్ని మార్కులు వేశారని అడిగాను.

"మార్కులెక్కడివి? అది సిలబస్‌లో లేదు."